చెట్టుకి గదులున్నాయి, నాచుకి లేవు

"ఇంకా అవ్వలేదా అమ్మాయ్?" అంటూ అత్తయ్య బాత్రూం తలుపు కొట్టింది.

"అవుతోందత్తయ్యా," అన్నాను. అబద్ధం కాదు. చెట్టు అయిపోయింది, నాచు సగంలో ఉంది.

బోర్లించిన బకెట్ మీద కూర్చుని, వాషింగ్ మెషీన్ మూత మీద నోటుపుస్తకం పెట్టుకుని, అడవిలో పెరిగే ఒక మహావృక్షానికీ సముద్రంలో పెరిగే ఒక పచ్చ నాచుకీ పోలికలూ తేడాలూ రాస్తున్నా. లోపల నిజంగానే ఏదో జరుగుతోందని బయటివాళ్ళు నమ్మాలి కదా, అందుకని కుళాయి సన్నగా తిప్పి ఉంచా. నాలుగు నిమిషాలకోసారి మగ్గుతో నీళ్ళు ధారగా పోస్తా. ఒకసారి వేర్ల దగ్గర ఆలోచనలో పడి ఎనిమిది నిమిషాలు పొయ్యడం మర్చిపోయా. మామయ్యగారు అంబులెన్సు నంబరు వెతకడం మొదలుపెట్టారు.

ఇంట్లో రాసుకోడానికి ఇంకెక్కడా చోటు లేదా అని మీరడగొచ్చు. చోటుంది. తలుపు లేదు. మా ఇల్లు రైలు పెట్టెల్లాగా వరసగా ఉంటుంది. ముందు హాలు, తర్వాత మా గది, తర్వాత అత్తయ్యా మామయ్యల గది, తర్వాత వంటిల్లు, చివర బాత్రూం. హాల్లో ఉన్నవాళ్ళకి మంచినీళ్ళు కావాలంటే మా గదిలోంచి వెళ్ళాలి. వంటింట్లో ఉన్నవాళ్ళకి టీవీ కావాలంటే మా గదిలోంచి రావాలి. మా గదికి ఒకప్పుడు తలుపుండేదట. బీరువా లోపలికి పట్టక పీకేశారు. ఇప్పుడు ఆ తలుపు మీద పరుపేసుకుని మామయ్యగారు పడుకుంటారు, నడుంనొప్పికి గట్టి చెక్క మంచిదని డాక్టరు చెప్పాడని. నా పెళ్ళైన కొత్తలో కర్టెన్‌కి బట్టల క్లిప్పులు పెట్టి చూశా. పొద్దున్నే అత్తయ్య ఆ క్లిప్పులు తీసుకెళ్ళి తువ్వాళ్ళకి పెట్టింది. కొత్త తలుపు చేయిద్దామా అని మా ఆయన్ని అడిగితే అక్కడే ఉన్న అత్తయ్య నవ్వి, "మా ఇంట్లో తలుపులేసుకునే అలవాటు లేదమ్మా. దాచుకోడానికి ఏముంది?" అంది. ఆ మాట ఎంత బాగుందంటే నేనూ తలూపా. నిజమే, ఏముంది? వెతికితే ఏమైనా దొరికేదేమో. వెతుక్కోడానికి తలుపు కావాలి.

ఒక ఆదివారం కూర్చుని లెక్కపెట్టా. ఉదయం నుంచి సాయంత్రం దాకా మా గదిలోంచి నలభై ఒక్కసారి మనుషులు నడిచారు. ఒక్కరూ ఆగలేదు. మామయ్యగారు ఒకసారి ఆగారు గానీ అది చెప్పు తెగి. రోజంతా నన్ను పిలవని నిమిషం ఉండదు. పిలిచేది మాత్రం నన్ను కాదు, కళ్ళజోడుని, తువ్వాలుని, ఉప్పుడబ్బాని. అవి నా నోటితో పలుకుతాయి, అంతే. ఒకరోజు భోజనాల దగ్గర నేనో జోకు చెప్పా. ఎవరూ వినలేదు. మర్నాడు మళ్ళీ చెప్పా. మూడోరోజు మా ఆయన ఆ జోకు నాకే చెప్పాడు, ఆఫీసులో ఎవరో చెప్పారని. నేను నవ్వా. జోకు బాగుంది మరి.

నా ఉద్యోగం మ్యూజియంలో, ఎండిన మొక్కల విభాగంలో. టెంపరరీ. అడవుల నుంచి కొమ్మలూ ఆకులూ సముద్రం నుంచి నాచులూ వస్తాయి. వాటిని అట్టల మీద అతికించి, కింద చీటీ అంటించి, బీరువాల్లో పెట్టడం మా పని. మా అంటే నేనూ జిగురక్కా. జిగురక్క అసలు పేరు మ్యూజియంలో ఎవరికీ తెలీదు. పంతొమ్మిదేళ్ళుగా టెంపరరీగా ఉంది. ప్రపంచంలో అంత శాశ్వతంగా టెంపరరీగా ఉన్న మనిషి ఇంకొకరు లేరు. నాకు పని నేర్పింది తనే. "చెట్టు కొమ్మ మాట వినదే పిల్లా. జిగురు పెట్టాలి, కాగితప్పట్టీలు వెయ్యాలి, మొండిదైతే సూదీదారంతో కుట్టాలి, పైన రాళ్ళు పెట్టాలి. నాచుకి ఇవేం అక్కర్లేదు. పళ్ళెంలో నీళ్ళు పోసి తేలనిచ్చి, అడుగున కాగితం పెట్టి మెల్లగా పైకి లేపు. దాని ఒంటి జిగురుతో అదే అతుక్కుపోతుంది. పెళ్ళైనవాళ్ళలాగా," అని చెప్పి, నవ్వకుండా ముక్కుపొడుం పీల్చింది.

పదిరోజుల క్రితం క్యురేటర్ గారు మా గదికొచ్చి ఒక పర్మనెంట్ పోస్టు మంజూరైందని చెప్పారు. కావాలనుకున్న టెంపరరీ వాళ్ళు కమిటీ ముందు పది నిమిషాలు మాట్లాడాలి. అంశం ఆయనే ఇచ్చారు. మ్యూజియం హాల్లో అడ్డంగా కోసిన ఒక మాను బిళ్ళ ఉంది, ఆరుగురు కూర్చుని భోంచెయ్యగలిగేంత పెద్దది. దాని పక్కన గాజు సీసాలో ఈకల్లాంటి ఆకులున్న పచ్చ నాచు ఉంది. వచ్చినవాళ్ళందరూ మాను ముందు ఫోటోలు దిగి, సీసాకి వీపు పెట్టి వెళ్ళిపోతారు. "ఆ రెండిటినీ పోల్చి చెప్పండి. జనం సీసా వైపు కూడా తిరగాలి," అన్నారాయన. "నన్ను లాగకండి, నాకీ టెంపరరీ అలవాటైపోయింది," అంది జిగురక్క. మిగిలింది నేనూ, పక్క విభాగంలో సీతాకోకచిలుకలకి సూదులు గుచ్చే ఒకాయనా.

ఆ పోస్టు నాకు కావాలి. ఎంత కావాలంటే, గట్టిగా అనుకుంటే ఎవరైనా వింటారేమోనని మెల్లగా అనుకునేంత. ఇంట్లో నా ఉద్యోగం పేరు టైంపాస్. చుట్టాలొస్తే సెలవు పెట్టేది నేను, గ్యాస్ సిలిండరొస్తే సెలవు పెట్టేది నేను, మామయ్యగారి పన్ను పీకించినప్పుడు రెండురోజులు సెలవు పెట్టింది నేను, పన్ను ఆయనదే అయినా. ఈ జూలైతో నా టెంపరరీ గడువు అయిపోతుంది. తర్వాత ఇంట్లోనే. నలభై ఒక్కసార్లూ చూస్తూ.

అందుకని రోజుకో గంట కావాలని అడిగా. ముందు మా ఆయన్ని. సాయంత్రం ఓ గంట డైనింగ్ టేబుల్ నాకు కావాలన్నా. "దానిదేముంది," అని ఫోన్‌లోంచి తల ఎత్తకుండా అన్నాడు. ఆ సాయంత్రం టేబుల్ నిండా ఆయన ఇన్సూరెన్స్ ఫైళ్ళు పరుచుకున్నాయి. మర్నాడు అత్తయ్యనడిగా. "రాసుకో తల్లీ, ఎవరొద్దన్నారు," అని నా ముందో బేసిను బఠాణీ కాయలు పెట్టి, "రాసుకుంటూ వలిచెయ్యి," అంది. మూడోరోజు అందరూ అన్నాలు తింటుండగా అందరికీ చెప్పా. అందరూ ఒప్పుకున్నారు. మేమేం మాట్లాడమన్నారు. టీవీ సౌండు తగ్గించారు. తర్వాత ముగ్గురూ నా చుట్టూ కూర్చుని నన్ను చూశారు. ఐదు నిమిషాలకొకరు "ఎంతవరకొచ్చింది?" అని అడిగారు. శీర్షిక వరకొచ్చింది.

నాలుగోరోజు బాత్రూంలోకెళ్ళి గొళ్ళెం పెట్టుకున్నా.

రెండ్రోజుల్లో ఇంట్లో వాళ్ళు నాకు కడుపు జబ్బని తీర్మానించేశారు. నేను అవునన్లేదు, కాదన్లేదు, కడుపు మీద చెయ్యి మాత్రం పెట్టుకున్నా. అంతే, ఇల్లంతా కదిలింది. అత్తయ్య నాకు జావ కాచింది. మా ఆయన మూడు రకాల మాత్రలు తెచ్చాడు. మామయ్యగారు రిటైరైన స్టేషన్ మాస్టరు. బాత్రూం తలుపు పక్కన మేకుకి ఓ పట్టీ వేలాడదీశారు. లోపలికి: ఆరూ పది. బయటికి: ఆరూ యాభై రెండు. ఆలస్యానికి కారణం: తెలియదు. నేను బయటికొచ్చినప్పుడల్లా గడియారం చూసి, కళ్ళజోడు సర్దుకుని, రాసుకుని, "నిన్నటికన్నా ఆరు నిమిషాలు మెరుగు," అనేవారు. ఆ గొంతులో ఎంత ప్రేముండేదంటే నాకు సిగ్గేసేది.

సిగ్గుతో మానేశానా అంటే, లేదు. ఇంకా పెంచా. ఎందుకంటే జబ్బు మొదలైన దగ్గర్నుంచి జనం మా గదిలో ఆగుతున్నారు. మంచినీళ్ళకి వెళ్తూ ఆగి "ఎలా ఉంది?" అంటున్నారు. టీవీకి వెళ్తూ ఆగి "కొంచెం నయమా?" అంటున్నారు. రెండేళ్ళలో నన్ను ఎలా ఉందని అడిగిన మొదటి వారం అది. అడిగింది నా కడుపునే అయినా, అది నాలోనే కదా ఉంది. నేను పొద్దున పొత్తికడుపులో మెలిక, మధ్యాహ్నం పక్కటెముకల కింద పోటు, సాయంత్రం అరికాళ్ళలో మంట కనిపెట్టా. అరికాళ్ళకీ కడుపుకీ ఏం సంబంధమని ఎవరూ అడగలేదు. శ్రద్ధగా విన్నారు. నేను ఇంకేం చెప్పినా అంత శ్రద్ధగా విన్లేదు.

జబ్బు మొదలైన ఏడోరోజు సాయంత్రం అత్తయ్య జావ గిన్నె తెచ్చి, వెళ్ళకుండా నా మంచం అంచున కూర్చుంది. నా మంచం మీద తను కూర్చోవడం అదే మొదలు.

"నీ వయసులో నాకూ ఇదే ఉండేది," అంది.

"ఏదత్తయ్యా?"

"ఇదే. లోపలికెళ్తే గంటలు గంటలు. అప్పట్లో మీ మామయ్య డ్యూటీలో ఉండేవారు కాబట్టి పట్టీ రాయలేదు గానీ."

నేను చెంచా ఆపి తన వైపు చూశా. తను కర్టెన్ వైపు చూస్తోంది.

"మరి ఎలా తగ్గింది?"

"తగ్గలేదమ్మా. వీడు పుట్టాక తీరిక లేక మానేశా."

దుప్పటి అంచు సవరిస్తూ, "లోపల కూర్చుని ఏం చేసేదాన్నో ఎంత ఆలోచించినా గుర్తు రాదు ఇప్పుడు. ఏదో ఉండేది," అంది. వంటింట్లో కుక్కర్ కూత వేసింది. లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు జావలో ఉప్పు లేదు. నేను అడగలేదు.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా నేను రాసిందాంట్లో నాచే గెలిచింది. ఎందుకు గెలవదు? ఆ నాచు మొత్తం కలిపి ఒకే ఒక్క కణం. ఆకులున్నట్టుంటుంది, కాడ ఉన్నట్టుంటుంది, వేర్లున్నట్టుంటుంది, అన్నీ ఒకటే కణం. కొన్ని రకాలు రెండు మంచాల పొడుగు పెరుగుతాయి, అప్పుడూ ఒకటే కణం. లోపల అడ్డుగోడల్లేవు. ఈ చివర ఉన్నది ఆ చివరికి పారుతూ ఉంటుంది. కేంద్రకాలు వేలకి వేలు, అన్నీ ఒకే ఇంట్లో, ఒక్కదానికీ గది లేదు. చెట్టేమో అడుగడుగునా గోడలే. ప్రతి కణం చుట్టూ గోడ, గోడ పక్కన గోడ, వేర్లు కూడా గోడల్లాగే పైకి లేస్తాయి. చెట్టు ఒంటరి మనుషుల అపార్ట్‌మెంటు, నాచు తలుపుల్లేని ఉమ్మడి కుటుంబం అని బాత్రూంలో బ్రహ్మాండంగా రాశా. రాసి నన్ను నేనే మెచ్చుకున్నా. దాచుకోడానికేముంది అన్న మాట కూడా ఓ చోట ఇరికించా. అత్తయ్య చదివితే గర్వపడేది.

మర్నాడు మ్యూజియంలో పాత ట్రేలు సర్దుతుంటే అదే నాచు ఇంకో అట్ట మీద కనిపించింది. తెల్లగా ఉంది. ఈకలన్నీ ఉన్నాయి, ఆకారమంతా ఉంది, రంగు లేదు. కింద చీటీలో 'చెడిపోయింది' అని రాసుంది.

"వెలుతురు తగిలి పోయుంటుందక్కా?" అన్నా.

"ముప్ఫై ఏళ్ళుగా, నేను రాకముందు నుంచీ, అందరూ అదే అంటారు. అందుకే సీసాకి కూడా నల్లగుడ్డ కప్పేవాళ్ళు. దీనికెంత కప్పినా ఇది తెల్లదే," అంది జిగురక్క. "పారేద్దామంటే క్యురేటర్ ఒప్పుకోడు. చెడిపోయిందానికి కూడా లెక్కుంటుందట."

అట్ట వెనక నంబరు పట్టుకుని, దాన్ని సముద్రంలోంచి తెచ్చినవాళ్ళ పాత నోటుపుస్తకం వెతికా. తెచ్చింది ఓ ఆడమనిషి. పెన్సిల్‌తో రాసింది. "నిన్న పచ్చగా ఉంది. తెల్లవారకముందే ఒక్కసారిగా నీళ్ళన్నీ ఆకుపచ్చ పొగలా మారాయి. పది నిమిషాల్లో అయిపోయింది. తెల్లారి చూస్తే ఇలా ఉంది." అంతే. తర్వాత అలమరలో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశా. ఆ నాచు పిల్లల్ని కనే పద్ధతే అదట. కొంచెం ఇచ్చి కొంచెం ఉంచుకోవడం దానికి రాదు. ఉంచుకోడానికి లోపల ఒక్క అర కూడా లేదు కదా. ఒంట్లో ఉన్నదంతా, చివరి చుక్క దాకా, పిల్లల కిందే మారిపోయి నీళ్ళలోకి పోతుంది. మిగిలేది తెల్లటి తొక్క. నీళ్ళలో ఇంకా ఆకారంగానే ఊగుతుంటుంది, దూరం నుంచి చూసేవాళ్ళకి.

ఏదో ఉండేది, అంది అత్తయ్య.

ఆ సాయంత్రం బాత్రూంలో కూర్చుని అంతకుముందు రాసిన పదకొండు పేజీలూ చింపేశా. మళ్ళీ మొదట్నుంచి రాశా. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. బయట మామయ్యగారు పెన్సిలు చెక్కుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. నీళ్ళు పొయ్యడం పూర్తిగా మర్చిపోయా.

మర్నాటికి కమిటీ అనగా మా ఆయన ఆఫీసు నుంచి హుషారుగా వచ్చాడు.

"రేపు నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు. మీ క్యురేటర్‌తో మాట్లాడేశా," అన్నాడు, షూ విప్పుకుంటూ. "మంచాయన. ఒంట్లో బాలేదనగానే అయ్యయ్యో అన్నాడు. లిస్టులోంచి నీ పేరు తీసేశారు. ఇక హాయిగా పడుకో."

"నన్నడక్కుండానే?"

"అడిగితే వెళ్తానంటావ్. నీ సంగతి నాకు తెలీదా?"

నా సంగతి ఆయనకి తెలుసన్న ధీమాతో ఆ మొహం వెలిగిపోతోంది. నాకు కోపం రావాల్సిన చోట ఏదో ఖాళీగా అనిపించింది. నా ఆట నా మీదే తిరిగింది. ఇంక ఆడి లాభం లేదు.

"నాకు కడుపులో ఏమీ లేదు," అన్నా.

"మరి ఇన్నిరోజుల్నించీ?"

"రాసుకుంటున్నా."

గదిలోంచి మంచినీళ్ళకి వెళ్తున్న మామయ్యగారు ఆగారు. వంటింట్లోంచి అత్తయ్య వచ్చి గుమ్మంలో నించుంది. మామయ్యగారు వెళ్ళి మేకుకున్న పట్టీ తెచ్చారు.

"అయితే ఈ నలభై రెండు నిమిషాలు?"

"చెట్టు వేర్లు మామయ్యా."

"నిన్నటి గంటా ఇరవై?"

"నాచు."

ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, ఆలస్యానికి కారణం అన్న గడిలో 'నాచు' అని రాసి, పట్టీ మడిచి జేబులో పెట్టుకున్నారు. తిట్టుంటే బాగుండేది.

"అంటే మమ్మల్నందర్నీ వెధవల్ని చేశావన్నమాట," అన్నాడు మా ఆయన. "మా అమ్మ రోజూ జావ కాచింది. నేను మూడు షాపులు తిరిగి మాత్రలు తెచ్చా. ఒక గంట కావాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా?"

"అడిగా. మూడుసార్లు."

"ఎప్పుడు?"

ఎప్పుడో చెప్పా. టేబుల్ అడిగిన రోజు, బఠాణీల రోజు, అందరూ కూర్చుని చూసిన రోజు. ఆయన నిజంగా గుర్తుతెచ్చుకోడానికి ప్రయత్నించాడు. నుదురు ముడేశాడు. రాలేదు. అబద్ధమాడుతుంటే ఎంత బాగుండును. అబద్ధమాడేవాడికి నేనన్న మాట కనీసం తెలిసి ఉంటుంది.

"సరే, మళ్ళీ ఫోన్ చేసి చెప్పండి, నాకు బాగానే ఉందని."

"ఏమని చెప్పమంటావ్? మా ఆవిడ పదిరోజులు దొంగ విరేచనాలు పెట్టుకుందనా? నా పరువేం కావాలి? అయినా ఓ టైంపాస్ ఉద్యోగానికి ఇంత రాద్ధాంతమేంటి? వచ్చే ఏడాది చూసుకోవచ్చులే."

అత్తయ్య మాత్రం నా వైపు చూసింది, నా చేతిలో నోటుపుస్తకం వైపు చూసింది, వెళ్ళి పొయ్యి కట్టేసింది.

ఆ సాయంత్రం నుంచి మళ్ళీ ఎవరూ మా గదిలో ఆగలేదు. నడవడం కూడా తగ్గించారు. దాహాన్ని ఆపుకున్నారనుకుంటా. ఇంటినిండా మనుషులు, నా గదిలో నేను. కర్టెన్ గాలికి లోపలికి ఉబ్బినప్పుడల్లా ఎవరో వచ్చారనుకున్నా. పదకొండుసార్లు అనుకున్నా. తర్వాత లెక్కపెట్టడం మానేశా.

పొద్దున టిఫిన్ టైముకి వంటింట్లో ఎవరూ లేరు. బాత్రూం తలుపు మూసుంది. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని తలుపు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"అమ్మా, ఇంకా అవ్వలేదా? నాకు ఆఫీసు టైమవుతోంది."

"కడుపు బాలేదురా," అంది లోపల్నించి అత్తయ్య గొంతు. నిదానంగా, ఏ తొందరా లేకుండా. "టైము పట్టేలా ఉంది."

మామయ్యగారు అలవాటుగా గడియారం చూశారు. మేకుకి పట్టీ లేదు. మా ఆయన తలుపు వైపూ ఖాళీ పొయ్యి వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. నేను బ్యాగులో నోటుపుస్తకం వేసుకుని, హాలు దాటి, మెట్లు దిగి వచ్చేశా. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో ఎవరూ అడక్కపోవడం మొదటిసారి పనికొచ్చింది.

మ్యూజియంలో క్యురేటర్ గారు నన్ను చూసి కుర్చీ లాగి, "కూర్చోండమ్మా, మీరు నించోకూడదు," అన్నారు. నా గురించి మా ఆయన ఎంత చెప్పి ఉంటాడో అర్థమైంది.

"నాకు బాగానే ఉందండి. నేను మాట్లాడాలి."

"మీ పేరు తీసేశామే. మీ ఆయన అంత ఖచ్చితంగా చెప్పాక..."

"ఆయన నా గురించి చెప్పారండి. నేనింకా చెప్పలేదు."

కమిటీలో బయట్నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ మేడం, పై ఆఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఉన్నారు. సీతాకోకచిలుకలాయన అప్పటికే చెప్పేసి చెమట తుడుచుకుంటున్నాడు. మేడం గడియారం చూసి, "టీ రావడానికి పది నిమిషాలుంది. చెప్పనివ్వండి," అంది.

మాను బిళ్ళకీ గాజు సీసాకీ మధ్య నించున్నా. నోటుపుస్తకం తెరిచా గానీ చూడలేదు. నాకు భయమేసింది, అది నా మాటలు మర్చిపోతాననే భయం కాదు. ముగ్గురు మనుషులు కదలకుండా నా మొహంలోకి చూస్తున్నారు. నేను జోకు చెప్పినా వినేలా ఉన్నారు. అలవాటు లేదు.

చెట్టులో ప్రతి కణానికీ ఓ గది ఉంటుందని చెప్పా. గోడలున్నాయి కాబట్టి పంచుకోదనుకోకండి, గోడల్లో సన్నటి దారులుంటాయి, అడగాల్సింది అడుగుతుంది, ఇవ్వాల్సింది ఇస్తుంది, ఉంచుకోవాల్సింది ఉంచుకుంటుంది అని చెప్పా. మధ్యలో నల్లగా గట్టిగా ఉన్న చేవ చూపించా. "ఇక్కడ ప్రాణం లేదండి. ఇవన్నీ చచ్చిపోయిన గదులే. లోపల మనుషులు పోయినా గోడలు నిలబడ్డాయి. వాటిని ఆనుకుని మిగతా చెట్టు నిలబడింది. ఏటేటా కాయలు కాస్తుంది. కాశాక కూడా చెట్టు చెట్టుగానే ఉంటుంది." తర్వాత సీసా వైపు తిరిగి నాచు గురించి చెప్పా. దాన్ని తుంపితే గాయాన్ని నిమిషాల్లో మూసేసుకుంటుంది, తుంపిన ముక్క కూడా బతికేస్తుంది, అంత మొండిది. దేనికీ చావదు, ఇవ్వడానికి తప్ప. తెల్ల అట్ట పైకెత్తి పట్టుకున్నా. "ఇది ముప్ఫై ఏళ్ళుగా మన దగ్గర చెడిపోయింది అన్న చీటీతో ఉందండి. ఇది చెడిపోలేదు. ఉన్నదంతా ఇచ్చేసింది. తెచ్చినావిడ పుస్తకంలో రాసే ఉంది. ఎవరూ చూడలేదు. చీటీ మార్చాలి."

గుమ్మం దగ్గర జిగురక్క ముక్కుపొడుం డబ్బా మూత తీసి, పీల్చకుండా పట్టుకుని నించుంది. మేడం ఆ అట్ట నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూసింది.

"మీరైతే రెండిట్లో ఏది గొప్పదంటారు?" అంది.

"గొప్పతనం నాచుదే మేడం. అందులో అనుమానం లేదు. కానీ మర్నాడు పొద్దున్న కూడా ఉండాలనుకుంటే మాత్రం చెట్టవ్వాలి."

"మరి పర్మనెంటైతే మీకు ఇంట్లో ఇబ్బంది ఉండదా?" అన్నాడు పై ఆఫీసు పెద్దమనిషి. సీతాకోకచిలుకలాయన్ని ఈ మాట అడిగారో లేదో నాకు తెలీదు.

"ఉంటుందండి," అన్నా. "ఇంటికి ఇబ్బంది ఉంటుంది. నాకు ఉండదు."

టీ వచ్చింది. నన్ను బయట కూర్చోమన్నారు. జిగురక్క నా పక్కన కూర్చుని, "తెల్లదాన్ని ఎన్నిసార్లు దులిపానో," అంది. అరగంట తర్వాత క్యురేటర్ గారు తన గదిలోకి పిలిచారు. కమిటీ నా పేరే పైకి పంపుతోందనీ, వారంలో ఉత్తర్వు వస్తుందనీ, అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దనీ చెప్పారు. సంతోషం ఎటునుంచి రావాలో తెలీక దారిలో ఆగినట్టుంది, నాకు ఏమీ అనిపించలేదు. ముందుగా ఎవరికి చెప్దామా అని ఆలోచించా. ఎవరూ తట్టలేదు. ఎవరికీ చెప్పొద్దని ఆయనే అన్నారుగా, కలిసొచ్చింది.

"ఉత్తర్వు రాగానే ఫోన్ చేస్తాం," అని ఆయన రిజిస్టరు తెరిచి నా పేరు మీద వేలు పెట్టారు. వేలి పక్కన మా ఆయన నంబరుంది. నేను చేరిన రోజు ఆ కాగితం ఆయనే నింపాడు, తన చేతిరాత బాగుంటుందని.

"ఆ నంబరు కొట్టెయ్యండి. నాది రాసుకోండి," అన్నా.

ఆయన కలం తీసి అడ్డంగా ఒక గీత గీశారు. పైన ఖాళీలో కలం ఆనించి, "చెప్పండి," అన్నారు.

నోరు తెరిచా. రాలేదు. మా ఆయన నంబరు వచ్చు, అత్తయ్యది వచ్చు, గ్యాస్ కంపెనీది వచ్చు, మామయ్యగారి పళ్ళ డాక్టరుది వచ్చు. నాది నాకు రాదు. ఎప్పుడూ ఎవరూ అడగలేదు. ఆయన కలం ఆనించే ఉంచారు. నేను బ్యాగులోంచి ఫోన్ తీసి, గోడ మీద రాసున్న మ్యూజియం నంబరు చూసి నొక్కా. ఆయన బల్ల మీద ఫోన్ మోగింది. దాని చిన్న అద్దంలో పది అంకెలు వెలిగాయి. నంబరు చూసి రాసుకుంటారనుకున్నా. ముప్ఫై ఏళ్ళ అలవాటు, ఆయన రిసీవరెత్తి చెవి దగ్గర పెట్టుకున్నారు. బల్లకి అటు ఆయన, ఇటు నేను.

"హలో, ఎవరండీ మాట్లాడేది?"

"నేనేనండి," అన్నాను.